దోమకూ ఒక మలేరియా

"మనకు దోమ వల్ల జబ్బు వస్తుంది కదా సార్, మరి దోమకు?" అని మొన్న తొమ్మిదో తరగతి అమ్మాయి అడిగింది. శిలీంధ్రం అంటే పుట్టగొడుగు, రొట్టె మీది బూజు అని చెప్పి పాఠం ముగించేవాణ్ణి నేను. ఆ రోజు ముగించలేదు.

దోమకు జబ్బు తెచ్చే ఈదే బూజు ఒకటుంది. పేరు సీలోమోమైసిస్. మలయా నుంచి వచ్చిన దోమ లార్వాలో కీలిన్ అనే శాస్త్రవేత్త దీన్ని గుర్తించి 1921లో వర్ణించారు. ఇది సోకిన లార్వాను సూక్ష్మదర్శిని కింద పెడితే పలుచని చర్మం వెనుక కోలగా, తుప్పురంగులో గింజలు కిక్కిరిసి కనిపిస్తాయి, గోధుమలు కూరిన సంచిలా. లార్వా దాచుకున్న కొవ్వు తిని తయారైన సిద్ధబీజాశయాలవి, అంటే బూజు విత్తనాల సంచులు. ఆ లార్వాల్లో చాలావాటికి రెక్కలు వచ్చే యోగం ఉండదు.

మరి ఆ గింజలను దోమల గుంటలో చల్లితే సరిపోదా? యాభై ఏళ్లు అదే తంటా. చచ్చిన లార్వాల గింజలు వేసినా మంచి లార్వాలకు జబ్బు అంటేది కాదు. చెరువు మట్టి కలిపితే ఒక్కోసారి అంటేది! 1974లో విస్లర్ అనే శాస్త్రవేత్త బృందం ముడి విప్పింది: మధ్యలో సైక్లోప్స్ ఉండాలి. నారికురుపు రోజుల్లో నీళ్లు గుడ్డతో వడకట్టుకోమన్నది ఈ నలుసంత జీవి వల్లే.

మలేరియా రోగి పక్కన కూర్చుంటే మలేరియా రాదు, మధ్యవర్తిగా దోమ కావాలి. ఇక్కడ దోమే రోగి, సైక్లోప్స్ దాని దోమ. మలేరియా క్రిమి దోమలో పెరుగుతుందని 1897లో సికిందరాబాదులో రొనాల్డ్ రాస్ కనిపెట్టిన కథే, పాత్రలు మారాయి. గింజలో క్షయకరణ విభజన (క్రోమోజోములు సగమయ్యే విభజన) జరిగి ఏకస్థితిక బీజాలు, అంటే ఆ సగం మాత్రమే ఉన్నవి, వెలువడతాయి. ఒక్కొక్కదానికి ఒక్కటే కశాభం, ఈదడానికి తోకలాంటిది. అవి లార్వా జోలికి పోవు, సైక్లోప్స్‌లో దూరతాయి. అక్కడ పెరిగి సంయోగబీజాలవుతాయి, అంటే జత కట్టే కణాలు. రెండు జత కడితే రెండు కశాభాల సంయుక్తబీజం. లార్వాను వెతుక్కుంటూ ఈదేది అదే. మలేరియా క్రిమికి పెళ్లి దోమ కడుపులో, దీనికి సైక్లోప్స్ ఇంట్లో.

చిక్కూ అక్కడే. కృత్రిమ ఆహారం మీద ఇది పూర్తిగా ఎదగదు. మందుగా తయారు చేయాలంటే దోమలనూ సైక్లోప్స్‌నూ కూడా సాకాలి. అందుకే దుకాణానికి చేరలేదు.

"అంత కష్టమెందుకు సార్, సైక్లోప్స్‌నే వేస్తే?" అంది ఆ అమ్మాయి. వియత్నాం పల్లెల్లో వేశారు. నీటి తొట్లలో వదిలిన మీసోసైక్లోప్స్ (సైక్లోప్స్ చుట్టమే) అప్పుడే పుట్టిన డెంగీ దోమ లార్వాలను పట్టి తినేసింది, ఏ బూజూ లేకుండానే.