ఎర్రబడ్డ చెయ్యి చెప్పేసిన గుట్టు

ఎండకు పాడైన చర్మాన్ని క్రీమ్‌తో బాగుచేయొచ్చన్న మాట మొటిమల మందు నుంచి పుట్టింది. ట్రెటినాయిన్ విటమిన్ ‘ఎ’ కుటుంబానికి చెందిన ఆమ్లం. 1971లో అమెరికాలో ‘రెటిన్-ఎ’ పేరుతో మొటిమలకు అనుమతి పొందింది. అది వాడుతున్న పెద్ద వయసు ఆడవాళ్లు, మొటిమల మాటెలా ఉన్నా చర్మం నున్నబడిందని పెన్సిల్వేనియా యూనివర్సిటీ డాక్టర్ ఆల్బర్ట్ క్లిగ్‌మన్‌కి చెప్పసాగారు. (ఫిలడెల్ఫియాలోని హోమ్స్‌బర్గ్ జైల్లో ఖైదీల ఒంటిమీద ఏళ్లతరబడి ప్రయోగాలు చేసిందీ ఈయనే. ఆ మచ్చకు మాత్రం ఏ క్రీమూ పనిచేయలేదు.)

1988 జనవరిలో మిషిగన్ యూనివర్సిటీ అధ్యయనం ‘జామా’ అనే అమెరికా వైద్య పత్రికలో వచ్చింది. చివరిదాకా ఉన్నది 30 మందే, 16 వారాలే. ఒక ముంజేతికి 0.1 శాతం ట్రెటినాయిన్, రెండో ముంజేతికి మందు కలపని ఉత్త క్రీమ్. మొహానికైతే సగం మందికి అది, సగం మందికి ఇది. మందు పూసిన 15 మొహాల్లో 14 మెరుగుపడ్డాయి, ఉత్త క్రీమ్ పూసినవాటిలో ఒక్కటీ లేదు. వార్త బయటికి రాగానే జనం మందుల షాపుల మీద పడ్డారు.

ఎవరికి ఏ క్రీమ్ ఇచ్చారో అటు డాక్టర్లకూ ఇటు పేషెంట్లకూ తెలియకూడదన్నది ఈ పరీక్షలో నియమం. కానీ మందు వల్ల 92 శాతం మందికి చర్మం రేగింది. కొందరికి గట్టిగానే. ఒక చెయ్యి ఎర్రగా మండుతూ పొట్టు రాలుతుంటే, ఏ ట్యూబులో మందుందో ఇంకొకరు చెప్పాలా? పైగా కాస్త వాచిన చర్మంలో సన్నగీతలు పూడినట్టే కనిపిస్తాయి. చర్మానికి పూసే మందుల పరీక్షలన్నిటికీ ఉన్న తలనొప్పే ఇది. నా దృష్టిలో 14 అన్న అంకె కంటే 92 అన్న అంకే ముందు చదవాల్సింది.

అలాగని మందు ఉత్తదేం కాదు. 1993లో మిషిగన్ బృందమే, 10 నుంచి 12 నెలలు వాడినవాళ్ల చర్మం ముక్కలు తీసి పరీక్షించింది. మందు పూసినచోట, చర్మానికి బిగువునిచ్చే ప్రొటీన్ అయిన ఒకటో రకం కొలాజెన్ తయారీ 80 శాతం పెరిగింది, ఉత్త క్రీమ్ పూసినచోట 14 శాతం తగ్గింది. అద్దంలో చూసుకుని మురిసిపోవడం వేరు, ఇది వేరు.

ఈలోగా రెటిన్-ఎను అనుమతి లేకుండానే ముడతలకు ప్రచారం చేశారన్న విచారణ నడిచింది. ఆ విచారణలో కాగితాలు నాశనం చేశామని రెటిన్-ఎ తయారుచేసిన, జాన్సన్ అండ్ జాన్సన్‌కు చెందిన ఆర్థో కంపెనీ 1995 జనవరిలో ఒప్పుకుంది, 75 లక్షల డాలర్లు కట్టింది. అదే ఏడాది చివర్లో 0.05 శాతం ట్రెటినాయిన్ క్రీమ్‌కు ‘రెనోవా’ పేరుతో ముడతల కోసం అనుమతి దొరికింది. లేబుల్ మీద మాత్రం ముడతలు పూర్తిగా పోవనీ, ఎండ తగలకుండా జాగ్రత్తపడేవాళ్లకు తోడుగానే పనికొస్తుందనీ రాయించారు.