అల ఎత్తొక్కటే చూస్తే చాలదు

సముద్రం బులెటిన్ చేతికి రాగానే అందరూ ముందు చూసేది అల ఎత్తు. ‘అలలు 1.5 మీటర్లు’ అని ఉంటే ఫర్వాలేదు, వేటకు పోవచ్చు అనుకుంటారు. కానీ అదే ఒకటిన్నర మీటర్ల అల ఒక రోజు ఫైబర్ బోటును ఊరికే ఊపి వదిలేస్తుంది, ఇంకో రోజు నది మొగ దగ్గర, అంటే నది సముద్రంలో కలిసే చోట, బోల్తా కొట్టిస్తుంది. ఎందుకో తెలియాలంటే ఎత్తు పక్కన సెకన్లలో ఇచ్చే అంకెను చూడాలి. అది అలల వ్యవధి. అంటే ఒక కెరటం తల మనల్ని దాటాక మరో తల రావడానికి పట్టే సమయం.

ముందు ఎత్తు గురించే ఒక మాట. బులెటిన్‌లోని ఎత్తు ఆ రోజు రాబోయే అతి పెద్ద అలది కాదు. వచ్చే అలలన్నిటిలో పెద్దవైన మూడోవంతు అలల సగటు అది. గంటల తరబడి సముద్రం మీద ఉంటే దానికి దాదాపు రెండింతల అల కూడా ఎదురవుతుంది. 1.5 అని ఉన్నరోజు ఎప్పుడో ఒకసారి 3 మీటర్ల అల లేచిందంటే అంచనా తప్పినట్టు కాదు.

ఇక వ్యవధి. 6 సెకన్ల అల దగ్గర్లో వీచే గాలికి పుట్టింది. లోతు నీటిలో దాని పొడవు, అంటే తలకూ తలకూ మధ్య దూరం, 56 మీటర్లు. 16 సెకన్ల అల పొడవు 400 మీటర్లు. ఎత్తు ఒకటే కాబట్టి మొదటిది నిటారుగా, కుదుపుగా ఉంటుంది. రెండోది నడి సముద్రంలో ఉన్నట్టే తెలియదు. ఒడ్డుకు వచ్చేసరికి కథ తారుమారవుతుంది. అల తన పొడవులో సగం లోతుకు రాగానే అడుగు నేలను తాకడం మొదలుపెడుతుంది. 6 సెకన్ల అలకు ఇది 28 మీటర్ల లోతులో జరిగితే, 16 సెకన్ల అలకు 200 మీటర్ల దగ్గరే మొదలవుతుంది. లోతు తగ్గేకొద్దీ వేగం తగ్గుతుంది, వెనకున్న శక్తి తక్కువ చోటులోకి కుదించుకుపోతుంది, ఎత్తు పెరుగుతుంది. ఒడ్డుకు సూటిగా వస్తే 6 సెకన్ల అల విరిగే చోట సుమారు 1.7 మీటర్లు ఉంటుంది. 16 సెకన్లది రెండున్నర మీటర్లు దాటుతుంది.

ఈ పెద్ద వ్యవధి అలలనే స్వెల్ అంటారు. ఇవి మన గాలికి పుట్టినవి కావు. దక్షిణ హిందూ మహాసముద్రంలో, నలభయ్యో అక్షాంశం దరిదాపుల్లో తుపానులు రేగినప్పుడు బయల్దేరినవి. 18 సెకన్ల స్వెల్ రోజుకు సుమారు 1,200 కిలోమీటర్లు సాగి, అయిదారు రోజుల్లో మన తీరం చేరుతుంది. 12 సెకన్లది రోజుకు 800 కిలోమీటర్లే. అందుకే పెద్ద వ్యవధివి ముందొస్తాయి. ఆ రోజు ఇక్కడ ఆకు కదలకపోవచ్చు, ఆకాశం నిర్మలంగా ఉండవచ్చు. అయినా నీరు ఒడ్డు దాటి ఇళ్లలోకి వస్తుంది. చెప్పాపెట్టకుండా వస్తుంది కాబట్టే కేరళ జాలర్లు దీన్ని కల్లక్కడల్, అంటే దొంగ సముద్రం, అన్నారు. 2012లో యునెస్కో ఆ పేరునే శాస్త్రీయ వాడుకలోకి తీసుకుంది. హైదరాబాద్‌లోని జాతీయ సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ దీనికి విడిగా హెచ్చరిక ఇస్తుంది. గాలి లేదు కదా అని ఆ హెచ్చరికను పక్కన పెట్టడం చాలా ప్రమాదం.

వ్యవధిని మీరే కొలుచుకోవచ్చు. నీటిపై తేలే బోయాను గానీ వల బెండును గానీ గురి పెట్టుకుని, పదకొండు కెరటాల తలలు దాన్ని దాటేందుకు పట్టిన సెకన్లను పదితో భాగించండి. పన్నెండు, పద్నాలుగు దాటితే మొగ దగ్గర తొందరపడకూడదు. స్వెల్ గుంపులుగా వస్తుంది; ఐదారు పెద్దవి, తర్వాత కాసేపు నెమ్మది. దాటేముందు పది పదిహేను నిమిషాలు బయటే ఆగి ఆ వరస చూడాలి. నీరు తీసే వేళ, అంటే పాటులో, నది ప్రవాహం అలకు ఎదురొడ్డి దాన్ని ఇంకా నిటారుగా చేస్తుంది. పోటు నిండి నీరు నిలకడగా ఉన్న సమయమే మేలు. లోపలికి వచ్చేటప్పుడు అల ముందు పరుగెత్తకూడదు. వెనుక భాగం లేచి, ముక్కు నీటిలో గుచ్చుకుని, బోటు అడ్డం తిరుగుతుంది. తర్వాతి అల దాన్ని బోర్లేస్తుంది. దాటిపోయిన అల వీపు మీద, దాని వేగంతోనే రావాలి.

గాలి సంగతి. ‘గంటకు 45 నుంచి 55 కిలోమీటర్ల ఈదురుగాలులు, అప్పుడప్పుడు 65’ అన్న వాక్యంలో చివరి అంకెను చాలామంది వదిలేస్తారు. గాలి తోపు వేగపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 55కూ 65కూ తేడా పదే అనిపిస్తుంది, దెబ్బ మాత్రం 40 శాతం ఎక్కువ. వేగం నాట్లలో ఉంటే 1.85తో గుణిస్తే కిలోమీటర్లొస్తాయి. 17 నాట్లకు వాయుగుండం, 34కు తుపాను, 48కి తీవ్ర తుపాను.

బంగాళాఖాతం తుపానులకు అంత అనువుగా ఉండటంలో మన నదుల పాత్ర ఉంది. వర్షాకాలం చివర గంగా బ్రహ్మపుత్రలు, మహానది, గోదావరి, కృష్ణ, అవతల ఐరావతి పోసిన మంచినీరు ఉప్పునీటి కంటే తేలిక. అది పైన పల్చని పొరగా పరుచుకుంటుంది. సాధారణంగా తుపాను గాలి సముద్రాన్ని చిలికి కింది చల్లనీటిని పైకి లాగి, తన ఇంధనాన్ని తానే తగ్గించుకుంటుంది. ఇక్కడ ఆ తేలికపొర చిలకనివ్వదు. తుపానుకు 26.5 డిగ్రీల వేడి చాలు. పైనీరు తరచూ 28 దాటే ఉంటుంది. నడి నైరుతి కాలంలో మాత్రం పై గాలికీ కింది గాలికీ పొంతన లేక తుపాను నిలదొక్కుకోలేదు. అందుకే వాటి రుతువులు ఏప్రిల్ నుంచి జూన్ తొలివారాలు, అక్టోబర్ నుంచి డిసెంబర్.

పోర్టులో ఎగరేసే తుపాను హెచ్చరిక నంబర్లలో 5, 6 మధ్య తేడా తెలుసుకోవాలి. తుపాను దారికి పోర్టు ఎడమన పడితే 5, కుడిన పడితే 6, మీదుగా లేదా అతి దగ్గరగా పోతే 7. తీవ్ర తుపానుకు అదే వరసలో 8, 9, 10. మన అర్ధగోళంలో తుపాను గాలి అపసవ్యంగా తిరుగుతుంది. కాబట్టి మన తీరం దాటేటప్పుడు కుడివైపు గాలి సముద్రాన్ని నేల మీదికి తోస్తుంది, ఎడమవైపు బయటికి నెడుతుంది. ఉప్పెన కుడిదిక్కునే. కేంద్రంలో వాయుపీడనం ఒక మిల్లీబారు తగ్గితే నీరు సెంటీమీటరే లేస్తుంది. మిగతాదంతా తక్కువ లోతు తీరంలో గాలి కూడబెట్టిన నీరు. 1977 నవంబర్ 19న దివిసీమ మీద సుమారు అయిదు మీటర్ల ఎత్తున విరుచుకుపడింది అదే.

తుపాను దాటి గాలి పడిపోయాక స్వెల్ ఇంకా ఒకటి రెండు రోజులు ఆడుతుంది. ఈలోపు మొగలో ఇసుక మేటలు చోటు మారి ఉంటాయి, పాత దారి పూడిపోయి ఉండొచ్చు. మొదటి బోటు పగటిపూట, పోటు మీద, గెడతో లోతు చూసుకుంటూ బయల్దేరాలి.