ఫిల్మ్ అంటిస్తే సూది తప్పుతుందా? పంటి మత్తు చుట్టూ అపోహలు, వాస్తవాలు

నేను ఫార్మస్యూటిక్స్ ల్యాబ్‌లో మ్యూకోఅడ్హెసివ్ ఫిల్ములు చేస్తాను. నోటి లోపలి తడి పొరకు అంటుకుని అక్కడే మందు వదిలే పల్చటి ముక్కలివి. మావి పంటి డాక్టర్లు వాడే మత్తు కోసం. ఈ సంగతి తెలియగానే పెళ్లిళ్లలో చుట్టాలందరూ అడిగేది ఒకటే: "అయితే ఇక పన్ను పీకించుకోవడానికి సూది అక్కర్లేదన్నమాట!" అక్కణ్నించే మొదలెడతాను.

అపోహ: ఫిల్మ్ పెడితే ఇంజెక్షన్‌తో పనే లేదు

చిగుళ్ల మీద పెట్టిన మందు రెండు మూడు మిల్లీమీటర్ల లోతుకు దిగితే గొప్ప. పంటి నొప్పిని మోసే నరమేమో ఎముక లోపల ఉంటుంది. పై దవడ ఎముక పల్చన, సన్నటి రంధ్రాలుంటాయి కాబట్టి అక్కడ కాస్త ఆశ. కింది దవడలో దవడపళ్ల దగ్గర ఎముక ఎంత మందమంటే, సూదితో పక్కనే మందు వేసినా సరిగా ఇంకదు. అందుకే డాక్టరు నరం ఎముకలోకి దిగే చోటు వెతుక్కుంటూ నోటి వెనక్కి వెళ్తాడు. అంత దూరం ఫిల్మ్ ఎలా వెళ్తుంది?

1996లో అమెరికాలో అనుమతి పొందిన డెంటీపాచ్‌నే చూడండి. 2 చదరపు సెంటీమీటర్ల పట్టీలో 46.1 మిల్లీగ్రాముల లిగ్నోకైన్ అనే మత్తుమందు (అక్కడ లిడోకైన్ అంటారు). అంత మందున్నా లేబుల్ మీద రాసుకున్నది పైపై పనుల ముందు తేలికపాటి తిమ్మిరి కోసమనే. పంటికే మత్తిచ్చి సూదిని తప్పించేందుకు 2016లో అనుమతి తెచ్చుకున్న కోవనేజ్ ముక్కులో కొట్టే స్ప్రే. అదీ పై దవడ ముందువైపు పది పళ్లకే.

ఫిల్మ్ నిజంగా పనికొచ్చేది గార తీసేటప్పుడు, ఊగిపోతున్న పాలపన్ను తీసేటప్పుడు, అన్నిటికన్నా ముఖ్యంగా సూది గుచ్చే ఆ క్షణానికి ముందు.

అపోహ: మందు శాతం పెంచితే తిమ్మిరి పెరుగుతుంది

మా రంగంలోకి కొత్తగా వచ్చినవాళ్లూ ఇక్కడే పడతారు. నేనూ పడ్డాను.

లిగ్నోకైన్ రెండు రూపాల్లో ఉంటుంది. విద్యుదావేశం ఉన్న రూపం నీళ్లలో బాగా కరుగుతుంది గానీ పొర దాటలేదు. ఆవేశం లేని బేస్ రూపం దాటుతుంది. ఏది ఎంతన్నది పీహెచ్ (ఆమ్లగుణాన్ని చెప్పే కొలత; తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ) తేలుస్తుంది. పీహెచ్ 7.9 దగ్గర వంద అణువుల్లో యాభై దాటగలిగే రూపంలో ఉంటాయి. 6.9కి దిగితే తొమ్మిదే. 5.9కి దిగితే ఒక్కటి. చీము పట్టి వాచిన పంటికి ఇంజెక్షన్ కూడా సరిగా ఎక్కకపోవడానికి ఒక కారణం ఇదే: అక్కడి కణజాలం ఆమ్లంగా మారి ఉంటుంది.

బాగా అంటుకుంటుందని అందరూ మొదట ఎంచుకునే కార్బోపాల్ అనే జిగురు పదార్థం స్వయంగా ఆమ్లం. దాన్ని తటస్థం చేయకుండా ఫిల్మ్ పోస్తే మందు లోపలే బందీ. నా మొదటి ఫిల్ముల్లో మందు కొలత లెక్క ప్రకారం ఉంది, వదలడం మాత్రం లేదు.

సరే, నేరుగా బేస్ రూపాన్నే ఎక్కువగా వేద్దామంటే, ఫిల్మ్‌లో కరగగలిగినంతే కరుగుతుంది. గ్లాసు అడుగున పంచదార మిగిలిపోయాక ఇంకో చెంచా వేస్తే తీపి పెరుగుతుందా? ఇదీ అంతే. పైగా ఆ మిగులు నిల్వలో స్ఫటికాలు కడుతుంది. అద్దంలా పోసిన ఫిల్మ్ నెల తిరిగేసరికి ముగ్గు చల్లినట్టు తెల్లబడుతుంది. దీనికో చక్కటి ఉపాయం ఉంది. లిగ్నోకైన్ 68 డిగ్రీల దగ్గర కరుగుతుంది. ప్రిలోకైన్ అనే మరో మత్తుమందుతో సమపాళ్లలో కలిపితే ఆ రెండు పొడులూ గది వేడికే నూనెలా మారిపోతాయి. 2003లో అమెరికాలో అనుమతి వచ్చిన ఒరాక్విక్స్ జెల్‌లో ఉన్నది ఈ జోడీయే, చెరి 2.5 శాతం.

అపోహ: ఎంత గట్టిగా అంటుకుంటే అంత మంచి ఫిల్మ్

పొడి ఫిల్మ్ తడి తాగి మెత్తబడాలి, దాని పాలిమర్ గొలుసులు (పొడవాటి అణువులు) నోటి తడి పొర మీది జిగురు ప్రొటీన్ మ్యూసిన్ గొలుసుల్లోకి చొరబడి పెనవేసుకోవాలి. రొయ్యల పెంకుల నుంచి తీసే కైటోసాన్‌కు ధనావేశం, మ్యూసిన్‌లోని సియాలిక్ ఆమ్లానికి రుణావేశం కాబట్టి ఆ జంట బాగా కుదురుతుంది. కానీ తడి మరీ ఎక్కువైతే ఫిల్మ్ బెండకాయ జిగురులా జారిపోతుంది. మనిషి నోట్లో రోజుకు అర లీటరు నుంచి లీటరున్నర దాకా లాలాజలం ఊరుతుంది. ల్యాబ్‌లో పట్టు కొలిచే యంత్రం మీద అద్భుతంగా పట్టు చూపిన ఫిల్మ్‌ను మందు లేకుండా చేసి నా నోట్లోనే పెట్టుకున్నాను. నాలుక ఊరుకుంటేగా! నాలుగు నిమిషాల్లో ఊడింది.

మరీ గట్టిగా పట్టినా చిక్కే. నోరు ఆరిపోయే పెద్దవాళ్లకు దాన్ని పీకితే కింది పొర కూడా లేచి రావచ్చు. నీళ్లతో నానబెట్టి తీయాలి.

అపోహ: పైపూతే కదా, ప్రమాదమేముంది

లాలాజలంతో గొంతులోకి జారిన మందు గొంతునూ మొద్దుబారుస్తుంది, చిన్నపిల్లలకు పొలమారొచ్చు. అందుకే మేం నాలుక వైపు ఈథైల్ సెల్యులోజ్ లాంటి నీరు చొరని పొర వేస్తాం. బెంజోకైన్ అనే ఇంకో మత్తుమందుకైతే వేరే భయం ఉంది: రక్తం ఆక్సిజన్ మోయలేని మెథెమోగ్లోబినీమియా. రెండేళ్లలోపు పిల్లలకు పళ్లు వచ్చేటప్పుడు దాన్ని రాయొద్దని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2018లో గట్టిగా చెప్పింది. చిగుళ్లకు లవంగ నూనె నేరుగా పట్టించే అమ్మమ్మలకూ ఓ మాట: చిక్కటి నూనె పొరను కాలుస్తుంది.

అపోహ: మేక బుగ్గ మీద పనిచేస్తే అంగిలి మీదా పనిచేస్తుంది

ల్యాబ్‌లో ఫిల్ములు పరీక్షించడానికి మాంసం కొట్టు నుంచి తెచ్చే మేక బుగ్గ పొర మెత్తన. అంగిలి నమలడాన్ని తట్టుకునేలా కెరాటిన్ అనే గట్టి ప్రొటీన్‌తో గట్టిపడి ఉంటుంది, మందు నెమ్మదిగా దిగుతుంది. చిక్కేమిటంటే సూది అన్నిటికన్నా బాధపెట్టేదీ అంగిలిలోనే. డాక్టర్లకు నా మనవి: చోటును గాజ్ గుడ్డతో తుడిచి ఆరబెట్టి, ఫిల్మ్ వేలితో కాసేపు అదిమి, గడియారం చూసి పది పదిహేను నిమిషాలు ఆగండి. రెండు నిమిషాలకే సూది తీసి, ఫిల్మ్ పనిచేయలేదని నాకు ఫోన్ చేస్తున్నారు.