టీపీఎస్ కోడ్ వచ్చిందంటే సెన్సార్ పోయినట్టేనా? అపోహలు - వాస్తవాలు

"స్కానర్ పెట్టించాను అన్నా, టీపీఎస్ పోయిందట. కొత్తది వేసెయ్." బండి తాళాలు చేతికిస్తూనే చాలామంది చెప్పే మాట ఇది. టీపీఎస్ అంటే థ్రాటిల్ పొజిషన్ సెన్సార్. ఇంజిన్‌లోకి గాలి వదిలే థ్రాటిల్ పలక ఎంత తెరుచుకుందో ఈసీఎంకి, అంటే ఇంజిన్‌ని నడిపించే కంప్యూటర్‌కి, చెప్పేది అదే. ఆ కంప్యూటర్ నమోదు చేసిన లోపాల కోడ్లు చదివే పరికరమే స్కానర్. పోయిందని ఎవరన్నారని అడిగితే స్కానరే అంది అంటారు. స్కానర్ ఆ మాట ఎప్పుడూ అనదు. పి0122 అనో పి0123 అనో ఒక కోడ్ చూపిస్తుంది, అంతవరకే. సెన్సార్ పోయిందన్న తీర్పు ఆ కోడ్ చదివినవాళ్లది. ఆ తీర్పు నమ్మి, శుభ్రంగా పనిచేస్తున్న సెన్సార్‌ని పీకించేసి, కొత్తది వేయించుకుని, వారం తిరక్కుండా అదే చెక్ ఇంజిన్ లైటుతో వచ్చే బళ్లను చూసీ చూసీ విసుగొస్తోంది. థ్రాటిల్ పొజిషన్ సెన్సార్ గురించి అపోహలు చాలానే ఉన్నాయి గానీ, జనం జేబుకి చిల్లు పెడుతున్నది ఇదే. కాబట్టి ముందు దీని సంగతి తేల్చుకుందాం.

అపోహ: టీపీఎస్ కోడ్ వస్తే టీపీఎస్ మార్చాల్సిందే

ఆ కోడ్లు చెప్పేది సర్క్యూట్ గురించి. పి0122 అంటే ఈసీఎం పిన్ను దగ్గర సిగ్నల్ వోల్టేజీ ఉండాల్సినదాని కంటే తక్కువగా ఉందని. పి0123 అంటే ఎక్కువగా ఉందని. పి0124 అంటే మధ్యమధ్యలో తెగుతోందని. పి0121 అంటే వోల్టేజీ హద్దుల్లోనే ఉంది గానీ ఆర్‌పీఎం, మానిఫోల్డ్ (ఇంజిన్‌లోకి గాలి వెళ్లే గొట్టం) ప్రెషర్ లాంటి మిగతా రీడింగులతో పొసగడం లేదని. ఇందులో సెన్సార్ మార్చమని చెప్పే కోడ్ ఒక్కటీ లేదు.

పెడల్ నుంచి వచ్చే కేబుల్‌తో నడిచే థ్రాటిల్ అయితే సెన్సార్‌కి మామూలుగా మూడు వైర్లుంటాయి. ఒకటి ఈసీఎం నుంచి 5 వోల్టులు తెస్తుంది, ఒకటి ఎర్త్, మూడోది సిగ్నల్. పెడల్ వదిలేస్తే సిగ్నల్ అర వోల్టు చుట్టుపక్కల ఉంటుంది, పూర్తిగా తొక్కితే నాలుగున్నర దగ్గరికి వస్తుంది. మోడల్‌ని బట్టి అంకెలు కాస్త మారతాయి, ఆ బండి సర్వీస్ మాన్యువల్‌లో ఉన్నదే ప్రమాణం.

ఇప్పుడు ఒక్కో వైరూ తెగితే ఏమవుతుందో చూడండి. 5 వోల్టుల వైరు తెగితే సిగ్నల్ సున్నాకి పడిపోయి పి0122 వస్తుంది. ఎర్త్ తెగితే సిగ్నల్ 5 వోల్టుల దగ్గరికి ఎగబాకి పి0123 వస్తుంది. సిగ్నల్ వైరే తెగితే సెన్సార్ దగ్గర కొలతలన్నీ సరిగ్గానే ఉంటాయి, ఈసీఎంకి మాత్రం ఏమీ చేరదు. మూడింట్లోనూ సెన్సార్ తప్పేమీ లేదు. కొత్తది పెట్టినా ఆ తెగిన వైరు తెగినట్టే ఉంటుంది.

కిరాయికి బండి నడుపుకునే కుర్రాడొకడు ఇలాగే వచ్చాడు. అంతకుముందే వేరేచోట థ్రాటిల్ బాడీ (పలక, సెన్సార్ ఉండే భాగం) మొత్తం మార్చారు. ఆ డబ్బు అప్పు తెచ్చి కట్టాడు. లైటు మళ్లీ వెలిగింది, బండి పికప్ లేకుండా పాకుతోంది, రోజూ వచ్చే కిరాయిలు పోతున్నాయి. మనిషి ముఖం చూస్తే జాలేసింది. స్కాన్ చేస్తే థ్రాటిల్ సిగ్నల్ తక్కువ అని ఒక కోడ్, దాంతోపాటు మ్యాప్ సెన్సార్ (మానిఫోల్డ్ ప్రెషర్ కొలిచేది) సిగ్నల్ తక్కువ అని ఇంకొకటి ఉన్నాయి. రెండు సెన్సార్లు ఒకేసారి చచ్చిపోవడం అరుదు. రెండింటికీ ఉమ్మడిగా ఉన్నదేదో పోయి ఉండటమే ఎక్కువ. థ్రాటిల్ కప్లర్ (సెన్సార్‌కి వైర్లు తగిలించే ప్లగ్గు) తీసి చూస్తే 5 వోల్టులు ఉండాల్సిన పిన్నులో ఒక వోల్టు కూడా లేదు. చాలా బళ్లలో ఆ 5 వోల్టుల లైను నాలుగైదు సెన్సార్లకు పంచుతారు. ఏ ఒక్కటి లోపల షార్ట్ అయినా మిగతా అన్నింటినీ కిందకి లాగేస్తుంది. కాబట్టి మీటర్ పెట్టి ఉంచి ఒక్కో సెన్సార్ కప్లర్ ఊడదీస్తూ వచ్చాం. మ్యాప్ సెన్సార్ తీస్తే మార్పు లేదు. ఏసీ గ్యాస్ ప్రెషర్ సెన్సార్ తీయగానే మీటర్ 5 వోల్టులకి లేచింది. కొన్నాళ్లుగా ఏసీ కూడా సరిగా రావడం లేదని ఆ కుర్రాడు అప్పుడు చెప్పాడు. మొదటిచోట కూడా చెప్పాడట, ఎవరూ పట్టించుకోలేదు. అన్ని కోడ్లూ చదివి ఒక్క కొలత తీసుకుని ఉంటే అతనికి ఆ అప్పు తప్పేది. ఇలాంటివి చూసినప్పుడే కోపం వస్తుంది.

కొలవడానికి పెద్ద సామాను అక్కర్లేదు. ఇగ్నిషన్ ఆన్ చేసి, ఇంజిన్ స్టార్ట్ చేయకుండా, కప్లర్ తీసి 5 వోల్టుల పిన్నుకీ ఎర్త్ పిన్నుకీ మధ్య చూడండి. 5 ఉంటే ఆ రెండు వైర్లూ తెగలేదన్నమాట. లేకపోతే సెన్సార్ సంగతి మర్చిపోయి వైరింగ్ వెంట వెళ్లండి. తర్వాత కప్లర్ మళ్లీ పెట్టి, వెనక వైపు నుంచి సన్నని ప్రోబ్ దూర్చి సిగ్నల్ చూడండి. వైరు తొడుగుకి సూది గుచ్చే అలవాటు ఉంటే దయచేసి మానండి. ఆ చిల్లులోంచి తేమ చేరి రాగి పచ్చబడిపోతుంది, ఇంకొన్ని నెలలకి అదే కొత్త కంప్లయింట్ అవుతుంది.

అందరూ వదిలేసే పరీక్ష ఎర్త్‌ది. ఇంజిన్ నడుస్తుండగా సెన్సార్ ఎర్త్ పిన్నుకీ బ్యాటరీ నెగెటివ్‌కీ మధ్య మీటర్ పెట్టండి. 0.1 వోల్టు లోపే ఉండాలి. అంతకంటే ఎక్కువ ఉంటే సిగ్నల్ కూడా ఆ మేరకు పైకి జరుగుతుంది. కాలు తీసేసినా పెడల్ మీద ఉన్నట్టే ఈసీఎం అనుకుంటుంది. ఐడ్లింగ్ కుదురుగా ఉండదు, ఒక్కోసారి రేజ్ అవుతుంది. ఎర్త్ బోల్టు కింద తుప్పు గీకేస్తే కుదుటపడ్డ బళ్లు ఎన్నో.

చివరగా, సెన్సార్ దగ్గర మీటర్ చూపించే వోల్టేజీనీ స్కానర్ లైవ్ డేటాలో కనబడే వోల్టేజీనీ పక్కపక్కన పెట్టి చూడండి. సెన్సార్ దగ్గర 0.6 ఉండి స్కానర్‌లో సున్నా కనబడితే లోపం ఆ రెండింటి మధ్యలో ఉంది. కేబుల్ థ్రాటిల్ బళ్లలో ఇంకో తేలిక పద్ధతి ఉంది. కప్లర్ తీసేసి, హార్నెస్ (వైర్ల కట్ట) వైపు 5 వోల్టుల పిన్నునీ సిగ్నల్ పిన్నునీ చిన్న ఫ్యూజున్న జంపర్ వైరుతో కలపండి. స్కానర్‌లో సిగ్నల్ 5 వోల్టులకి లేచిందంటే ఆ రెండు వైర్లూ ఈసీఎం ఇన్‌పుట్టూ బాగున్నాయి. ఎర్త్ కూడా ముందే సరిచూసి ఉంటే ఇక అనుమానించాల్సింది సెన్సార్‌నీ ఆ కప్లర్ పిన్నులనీ. బ్యాటరీ 12 వోల్టులు మాత్రం పొరపాటున కూడా ఆ పిన్నులకి తగలనివ్వొద్దు, ఈసీఎం పోతుంది.

గతుకుల్లో మాత్రమే జర్క్ కొడుతుంటే, లేదా గేర్ వేసి కదిలేటప్పుడు ఇంజిన్ ఊగినప్పుడే లైటు వస్తుంటే, హార్నెస్‌ని చేత్తో కదుపుతూ లైవ్ డేటా చూడండి. తొడుగు బాగానే కనబడి లోపల తీగలు తెగి ఉండటం, ఎలుకలు కొరికి ఉండటం, ఇంజిన్ కడిగించాక కప్లర్‌లో నీళ్లు నిలవడం, ఇవన్నీ రోజూ చూసేవే.

అపోహ: మీటర్‌లో ఓమ్స్ (రెసిస్టెన్స్) సరిగ్గా ఉంటే సెన్సార్ బాగున్నట్టే

ఇది పైదానికి తిరగేసిన పొరపాటు. సెన్సార్లు నిజంగానే అరుగుతాయి. పాత రకం టీపీఎస్ అంటే పాత రేడియో వాల్యూమ్ నాబ్ లాంటిదే, కార్బన్ పట్టీ మీద ఒక చిన్న కాంటాక్ట్ అటూ ఇటూ జరుగుతుంటుంది. బండి ఎక్కువసేపు ఐడ్లింగ్‌లో, సగం కంటే తక్కువ పెడల్‌తో నడుస్తుంది కాబట్టి పట్టీ ముందుగా అరిగేది అక్కడే. పెడల్ సరిగ్గా ఆ చోటికి వచ్చినప్పుడు సిగ్నల్ ఒక్క క్షణం పడిపోయి మళ్లీ లేస్తుంది. నడిపేవాళ్లకి అది చిన్న కుదుపులా తెలుస్తుంది. పెడల్ మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి ఓమ్స్ కొలిస్తే ఆ మధ్యలో ఉన్న గుంట కనబడదు. మామూలు డిజిటల్ మీటర్ సెకనుకి కొన్నిసార్లే కొలుస్తుంది, ఆ క్షణం దాని కంట పడదు. ఆసిలోస్కోప్ (సిగ్నల్‌ని గీతలా చూపించే పరికరం) ఉంటే మంచిది. లేకపోతే ముల్లు కదిలే పాత అనలాగ్ మీటర్ పెట్టి, పెడల్‌ని చాలా నెమ్మదిగా తొక్కుతూ వదులుతూ చూడండి. ముల్లు ఆగకుండా, వెనక్కి పోకుండా సాఫీగా ఎక్కాలి. ఇంజిన్ వేడెక్కాకే వచ్చే కంప్లయింట్ అయితే పరీక్ష కూడా వేడి మీదే చేయాలి.

కొత్త బళ్లలో చాలావరకు తాకిడి లేకుండా అయస్కాంతంతో పనిచేసే హాల్ రకం సెన్సార్లు. వాటికి ఓమ్స్ కొలవడమే అర్థం లేని పని.

అపోహ: ఐడ్లింగ్‌లో థ్రాటిల్ 0 శాతం చూపించాలి

ఫోన్‌కి కలిపే చిన్న స్కానర్లు వచ్చాక ఈ భయం ఎక్కువైంది. "కాలు పెట్టకుండానే 15 శాతం చూపిస్తోంది, సెన్సార్ పోయిందా?" అని రాత్రిపూట మెసేజ్ పెట్టి, జవాబు వచ్చేదాకా నిద్రపోనివాళ్లున్నారు. కంగారు పడకండి. చాలా యాప్‌లలో కనబడేది అబ్సల్యూట్ థ్రాటిల్ పొజిషన్. 5 వోల్టుల్లో సిగ్నల్ ఎంత భాగమో అదే శాతంగా చూపిస్తుంది. 0.75 వోల్టులు ఉంటే 15 శాతం అని పడుతుంది. పూర్తిగా తొక్కినా 100 రాకపోవడం కూడా మామూలే. పైగా కేబుల్ బదులు మోటార్‌తో కదిలే ఎలక్ట్రానిక్ థ్రాటిల్‌లో ఐడ్లింగ్‌కి కావాల్సిన గాలి కోసం ఈసీఎం ఆ పలకని కొద్దిగా తెరిచే ఉంచుతుంది.

అపోహ: కప్లర్ పీకేస్తే బండి బాగా నడిచింది, కాబట్టి సెన్సార్ పోయింది

కేబుల్ థ్రాటిల్ బళ్లలో సిగ్నల్ లేకపోతే ఈసీఎం మిగతా సెన్సార్లను బట్టి ఒక అంచనా విలువ పెట్టుకుని నడిపిస్తుంది. పీకేశాక బాగుందంటే వస్తున్న సిగ్నల్ తప్పని మాత్రం తెలుస్తుంది. అది తప్పడానికి ఎర్త్ కూడా కారణం కావచ్చు. ఎలక్ట్రానిక్ థ్రాటిల్‌లో ఈ ప్రయోగం అసలు చేయొద్దు, బండి నేరుగా లింప్ మోడ్‌లోకి, అంటే పవర్ తగ్గించుకుని నెమ్మదిగా పాకే స్థితిలోకి, పోతుంది.

మిగతావి గబగబా చెప్పేస్తాను. మైలేజీ పడిపోతే టీపీఎస్ అనేస్తున్నారు. స్థిరంగా వెళ్లేటప్పుడు ఎంత పెట్రోల్ కొట్టాలో ఎక్కువ ఇంజిన్లలో ప్రధానంగా తేల్చేది మ్యాప్ లేదా ఎయిర్ ఫ్లో సెన్సార్, ఆక్సిజన్ సెన్సార్. టీపీఎస్ ముఖ్యంగా పెడల్ కదిలిన క్షణంలో, కాలు తీసేసినప్పుడు, పూర్తిగా తొక్కినప్పుడు అక్కరకొస్తుంది. ముందు టైర్ల గాలి, బ్రేకులు పట్టేసి ఉన్నాయేమో చూసుకోండి. పికప్‌లో తడబాటు కూడా టీపీఎస్ ఒక్కదాని వల్లే రాదు. మురికి పట్టిన థ్రాటిల్, గాలి లీకయ్యే వాక్యూమ్ పైపు, తగ్గిన ఫ్యూయల్ ప్రెషర్ అచ్చం ఇవే లక్షణాలు చూపిస్తాయి.

థ్రాటిల్ బాడీ క్లీన్ చేయించాక ఐడ్లింగ్ రేజ్ అయితే సెన్సార్ పాడు చేశారని గొడవ పడకండి. మురికి ఉన్నప్పటి పొజిషన్‌ని ఈసీఎం నేర్చుకుని ఉంటుంది. ఆ బండికి చెప్పిన పద్ధతిలో ఐడిల్ రీలెర్న్ (కొత్త పొజిషన్‌ని ఈసీఎంకి మళ్లీ నేర్పడం) చేస్తే చాలావరకు సర్దుకుంటుంది. సొంతంగా క్లీన్ చేసుకునేవాళ్లకి ఒక హెచ్చరిక: ఇగ్నిషన్ ఆన్‌లో ఉండగా ఎలక్ట్రానిక్ థ్రాటిల్‌లో వేలు పెట్టకండి. మోటార్ ఒక్కసారిగా మూసేస్తుంది, వేలు నలుగుతుంది.

అపోహ: సెన్సార్ పోతే బండి దానంతటదే దూసుకుపోతుంది

రోడ్డు మధ్యలో లింప్ మోడ్‌లోకి వెళ్లి భయపడ్డవాళ్లు అడిగే ప్రశ్న ఇది. ఆ భయం నాకు అర్థమవుతుంది. పెడల్ తొక్కుతున్నా బండి స్పందించకపోతే, వెనక లారీ హారన్ కొడుతుంటే ఎవరికైనా కాళ్లు చల్లబడతాయి. ఎలక్ట్రానిక్ థ్రాటిల్‌లో పొజిషన్ సెన్సార్లు రెండుంటాయి, పెడల్‌కి కూడా రెండు. చాలా బళ్లలో థ్రాటిల్ సెన్సార్లలో ఒకటి పెరుగుతుంటే రెండోది తగ్గుతుంది. రెండింటికీ లెక్క కుదరకపోతే పి2135 లాంటి కోడ్ పెట్టి ఈసీఎం పవర్ తగ్గించేస్తుంది. థ్రాటిల్ మోటార్‌కి కరెంట్ ఆపేస్తే స్ప్రింగు పలకని కొద్దిగా తెరిచిన చోట నిలబెడుతుంది. బండి నెమ్మదిగా పాకుతూ రోడ్డు పక్కకి చేరడానికి ఆ కాస్త గాలి చాలు. అంటే మీరు చూసిన ఆ నీరసం మిమ్మల్ని కాపాడటానికి పెట్టిన ఏర్పాటు. హజార్డ్ లైట్లు వేసి పక్కకి తీయండి. ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే మామూలుగా నడవొచ్చు గానీ, తగ్గిపోయిందని ఊరుకోవద్దు. పి2138 వస్తే అది పెడల్ వైపు సర్క్యూట్, థ్రాటిల్ బాడీ జోలికి వెళ్లక్కర్లేదు.

మెకానిక్ దగ్గరికి వెళ్లేముందు ఇంట్లో ఉన్న స్కానర్‌తో కోడ్లు చెరిపేసి వెళ్లకండి. కోడ్ పడిన క్షణంలో ఆర్‌పీఎం, స్పీడ్, ఇంజిన్ వేడి ఎంతున్నాయో ఫ్రీజ్ ఫ్రేమ్‌లో ఉంటాయి. చెరిపితే అవీ పోతాయి. చిన్న కోడ్ పెద్ద కోడ్ అని చూడకుండా అన్నింటినీ ఫొటో తీసుకోండి. ఏసీ రావట్లేదు, మొన్న ఇంజిన్ కడిగించాం లాంటివి సంబంధం లేదనిపించినా చెప్పండి. పార్టు మార్చాలంటే 5 వోల్టులు, ఎర్త్, సిగ్నల్ ఈ మూడూ ఎంతెంత వచ్చాయో అడగండి. కొలిచినవాళ్లు ఆ అంకెలు వెంటనే చెప్పగలరు.