అపోహలు – వాస్తవాలు: కర్బనం శాతం పెరిగితే నేల బాగుపడినట్టేనా?

ఐరోపాలో మట్టి నమూనాలు తీసే పనిలో ఉన్నవారికి ఏ దేశం వెళ్లినా ఒకే మాట ఎదురవుతుంది. రైతు రెండు ప్రయోగశాల నివేదికలు పక్కపక్కన పెట్టి, "రెండేళ్లలో సేంద్రియ కర్బనం ఎంత పెరిగిందో చూశారా?" అంటారు. చూశాను. అంకె పెరిగింది. నేలలో కర్బనం పెరిగిందా అన్నది మాత్రం ఆ కాగితం తేల్చదు. కర్బన క్రెడిట్ల ఒప్పందాలు (నేలలో చేరిన కర్బనానికి టన్నుల లెక్కన డబ్బిచ్చేవి) వచ్చాక ఈ తేడా తెలియకపోతే చేతిలో డబ్బు పోతోంది. అందుకే మొదట దీని సంగతి.

అపోహ: శాతం పెరిగితే నిల్వ పెరిగినట్టే.

వాస్తవం: శాతం వేరు, హెక్టారుకు ఎన్ని టన్నులన్నది వేరు. హెక్టారు నేలను 20 సెంటీమీటర్ల లోతు వరకు తీసుకుంటే 2,000 ఘనపు మీటర్ల మట్టి. ఘనపు మీటరుకు 1.3 టన్నుల చొప్పున 2,600 టన్నులు. కర్బనం 1.5 శాతం ఉంటే 39 టన్నులు. శాతంలో 0.1 తేడా వస్తే 2.6 టన్నులు పెరిగినట్టో తగ్గినట్టో లెక్క తేలుతుంది. ఆ 0.1 రావడానికి నేల మారనక్కర్లేదు. అదే పొలంలో పది అడుగులు జరిగి తవ్వితే చాలు, జల్లెడ పట్టేముందు వేళ్ల ముక్కలు సరిగా ఏరకపోయినా చాలు. ట్రాక్టర్లు తొక్కి గట్టిపడిన నేలలో అదే 20 సెంటీమీటర్లలో ఎక్కువ మట్టి ఇమిడిపోతుంది కనుక, కర్బనం ఒక్క గ్రాము చేరకపోయినా టన్నుల లెక్క పెరిగినట్టు కనిపిస్తుంది. స్పెయిన్‌లాంటి చోట్ల సున్నపు నేలలతో మరో తంటా. మండించి కొలిచే పద్ధతిలో సున్నంలోని కర్బనం కూడా లెక్కలోకి వస్తుంది. దాన్ని విడిగా కొలిచి తీసేయాలి.

వీటన్నిటికంటే ఎక్కువగా ముంచేది లోతు. దున్నడం మానేసిన పొలంలో పంట అవశేషాలు పైనే ఉండిపోతాయి. పై పొరలో కర్బనం పెరుగుతుంది, కింది పొరలో ఒక్కోసారి తగ్గుతుంది. మొత్తం మీద ఏమైందో తెలియాలంటే రెండూ కొలవాలి.

ఒక గోధుమ రైతు దగ్గర ఇదే జరిగింది. మొదటి నివేదికలో ఓ మూల చిన్న అక్షరాల్లో 0–25 సెంటీమీటర్లు అని ఉంది. రెండోదానిలో 0–10. నమూనాలు తీసిన సంస్థకు ఇది పట్టలేదు. వచ్చే సొమ్మును నమ్ముకుని ఆయన దున్నకుండా విత్తే యంత్రానికి అప్పు చేసి కూర్చున్నారు. పొలంలో ఇద్దరం గుంట తవ్వాం. పైన నాలుగు వేళ్ల మందాన నల్లటి గుల్ల మట్టి, వానపాముల కన్నాలు. దాని కింద, పాత నాగలి తిరిగిన లోతున, పలకలు పలకలుగా విడిపోయే గట్టి పొర. మొక్కల వేళ్లు అక్కడిదాకా దిగి పక్కకు తిరిగాయి. "అయితే నేను చేసిందంతా వృథాయేనా?" అన్నారు. కాదు. పైపొర నిజంగానే బాగుపడింది, వాన నీరు ఇంకుతోంది. ఒప్పందంలో రాసిన టన్నులే లేవు. ఆయన చేసిన తప్పేమీ లేదు, ఆ కాగితాన్ని ఎలా చదవాలో ఎవరూ చెప్పలేదు.

ఇంగ్లండ్‌లోని రోథామ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధనా కేంద్రంలో బ్రాడ్‌బాక్ అనే గోధుమ పొలం ఉంది. 1843లో మొదలైన ప్రయోగం ఇప్పటికీ నడుస్తోంది. అక్కడ ఒక మడికి ఏటా హెక్టారుకు 35 టన్నుల పశువుల ఎరువు వేస్తూ వచ్చారు. ఏ ఎరువూ వేయని మడితో పోలిస్తే అందులో కర్బనం ఇప్పుడు రెట్టింపు దాటింది. అంత ఎరువు వేసినా అందుకు దశాబ్దాలు పట్టింది. రెండేళ్లలో అద్భుతం చేసి చూపిస్తామనే వారిని ఈ మడి గురించి ఒకసారి అడగండి.

శాతం తగ్గకపోయినా నేల తరిగిపోవచ్చు. నీరు తోడేసిన పీట్ నేలల్లో (చిత్తడిలో సగం కుళ్లిన మొక్కల అవశేషాలు పేరుకుని ఏర్పడిన నేలలు) కర్బనం శాతం ఎప్పుడూ ఎక్కువే. ఆ నేల మాత్రం గాలి తగిలి కుళ్లుతూ, కుంగిపోతూ ఉంటుంది. ఇంగ్లండ్‌లోనే హోమ్ ఫెన్ అనే పీట్ ప్రాంతంలో 1851లో ఒక ఇనుప స్తంభాన్ని తల నేలకు సమంగా ఉండేలా పాతారు. ఇప్పుడది నేలకు సుమారు నాలుగు మీటర్ల ఎత్తున నిలబడి ఉంది. శాతం ఒక్కటే చూసేవాడికి ఈ నష్టం కనబడదు.

కాబట్టి సంతకం పెట్టే ముందు అడగండి: రెండుసార్లూ ఒకే లోతా, ఒకే చోటా, ఒకే కాలమా, ఒకే ప్రయోగశాలా? సాంద్రత (ఘనపు మీటరు మట్టి బరువు) కొలిచారా? రాళ్ల వాటా తీసేశారా? జవాబు నసిగితే ఆగండి.

అపోహ: ఐరోపా ఖండమంతటి నేలల పటంలో నా పొలం రంగు చూస్తే చాలు.

వాస్తవం: చాలదు. ఐరోపా సమాఖ్య దేశాల నేలలను పరీక్షించే లూకాస్ సర్వేలో 2009లో దాదాపు 20,000 చోట్ల నమూనాలు తీశారు. తర్వాత 2015, 2018, 2022లో మళ్లీ తీశారు. ఒక్కో చోట మధ్యలో ఒకటి, రెండేసి మీటర్ల దూరంలో నాలుగు దిక్కులా నాలుగు, 20 సెంటీమీటర్ల లోతున తీసి కలుపుతారు. పద్ధతి అంత కచ్చితం కనుకే దేశాన్ని దేశంతో పోల్చగలం. పటంలో మిగతా చోట్ల కనిపించే రంగు మాత్రం గణిత సూత్రాలతో వేసిన అంచనా.

అపోహ: నత్రజని, భాస్వరం, పొటాష్ సరిపోతే నేల ఆరోగ్యంగా ఉన్నట్టే.

వాస్తవం: పైన చెప్పిన గట్టి పొర ఏ ఎరువుల నివేదికలోనూ కనబడదు. పార తీసుకుని తవ్వి చూడండి.

అపోహ: ఐరోపా సమాఖ్య తెచ్చిన కొత్త నేలల చట్టంతో తనిఖీ అధికారులు వచ్చి రైతులకు జరిమానాలు వేస్తారు.

వాస్తవం: ఈ పుకారు వింటే విసుగొస్తోంది. 2006లో ప్రతిపాదించిన నేలల చట్టాన్ని సభ్యదేశాలు కొన్ని అడ్డుకోవడంతో 2014లో వెనక్కి తీసుకున్నారు. 2023 జులైలో మరో ప్రతిపాదన వచ్చింది, అది 2025లో ఆమోదం పొందింది. నేలలను కొలిచి, అంచనా వేసి, నివేదించే బాధ్యత దేశాలది. భూయజమానుల మీద అది నేరుగా ఏ కొత్త బాధ్యతా మోపదు. 2050 నాటికి నేలలన్నీ ఆరోగ్యంగా ఉండాలన్నది లక్ష్యం. ఐరోపా సమాఖ్య అంచనా ప్రకారం 60 నుంచి 70 శాతం నేలలు ఇప్పుడు ఆరోగ్యంగా లేవు. నమూనా తీయడానికి వచ్చినవారిని చూసి భయపడనక్కర్లేదు. ఏ లోతున తీస్తున్నారో మాత్రం అడిగి రాసి పెట్టుకోండి.