మూడు స్ట్రిప్పులు, ఒకటే మందు: మాత్రల మీద అపోహలు - వాస్తవాలు

ఫార్మసిస్ట్‌గా చాలా ఏళ్లుగా కౌంటర్ వెనకాల నిలబడుతున్నా. మందుల్ని తప్పుగా వాడేవాళ్లు అనగానే అందరికీ మత్తుకి అలవాటుపడ్డవాళ్లే గుర్తొస్తారు గానీ నేను రోజూ చూసేది జ్వరానికో నడుంనొప్పికో మాత్ర కోసం వచ్చే మామూలు మనుషుల్నే.

అపోహ: చీటీ అక్కర్లేని మందే కదా, రెండు ఎక్కువేసుకుంటే ఏమవుతుంది

ఒకాయన మూడు స్ట్రిప్పులు కౌంటర్ మీద పరిచి "ఇవన్నీ వేసుకున్నా జ్వరం తగ్గట్లేదండీ, ఇంకేదైనా గట్టిది ఇవ్వండి" అన్నాడు. ఒకటి జ్వరానికి, ఒకటి జలుబుకి, ఒకటి ఒళ్లునొప్పులకి. పేర్లు వేరు, రంగులు వేరు, తిప్పి వెనకాల చిన్నక్షరాలు చదివితే మూడిట్లోనూ పారాసిటమాల్ ఉంది. జ్వరం మాత్ర 650 చొప్పున 4 సార్లు, అంటే 2600. జలుబు మాత్రలో 500, రోజుకి మూడు, 1500. నొప్పుల మాత్రలో 325, రెండు పూటలు, 650. మొత్తం 4750 మిల్లీగ్రాములు! ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లకే రోజుకి 4000 దాటకూడదు, మద్యం అలవాటున్నవాళ్లకీ లివర్ బాగోలేనివాళ్లకీ బాగా బక్కపల్చగా ఉన్నవాళ్లకీ అంతకంటే తక్కువే. ఆయన మాత్రం ఏ మాత్రనీ లెక్కకి మించి వేసుకోలేదు పాపం.

దీంతో ఇంకో చిక్కుంది. పారాసిటమాల్ ఎక్కువైతే మొదటిరోజు పెద్దగా ఏమీ తెలియదు, కొంచెం వికారం, వాంతులు అంతే, లివర్ దెబ్బతిన్న సంగతి ఒకట్రెండు రోజులు ఆగాక బయటపడుతుంది. విరుగుడు ఉంది, ఎసిటైల్‌సిస్టీన్ అంటారు, కానీ అది 8 గంటల్లోపు పడితేనే బాగా పనిచేస్తుంది. అందుకే డోసు ఎక్కువైందని తెలియగానే మనిషి బాగానే కనిపిస్తున్నా వెంటనే హాస్పిటల్‌కి తీసుకెళ్లాలి.

అపోహ: ముక్కులో వేసుకునే చుక్కలే కదా

ఆరు నెలలుగా ఆ సీసా జేబులో పెట్టుకుని తిరిగే కుర్రాడొకడు నాకు తెలుసు. ఆక్సీమెటజోలిన్, జైలోమెటజోలిన్ లాంటివి ముక్కు లోపలి రక్తనాళాల్ని బిగిస్తాయి, గాలి ఆడుతుంది, మందు దిగిపోగానే అవి మళ్లీ ఉబ్బుతాయి, రోజులు గడిచేకొద్దీ ఇంకా ఎక్కువ ఉబ్బుతాయి. 3 నుంచి 5 రోజులకి మించి వాడకూడదు. ఆ కుర్రాడి జలుబు ఎప్పుడో పోయింది, ఇప్పుడు ముక్కు మూసుకుపోయేది ఆ చుక్కల వల్లే! తలనొప్పి మాత్రలదీ ఇదే కథ, నెలలో 15 రోజులకి తగ్గకుండా మూణ్నెల్లపాటు మింగితే ఆ మాత్రలే తలనొప్పి తెచ్చిపెడతాయి.

అపోహ: డాక్టరు రాసిందే కాబట్టి భయం లేదు

రాసింది ఎవరికి, ఎప్పుడు, ఎన్ని రోజులకి? కీళ్లనొప్పులకి పది రోజులకని రాసిన ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ చీటీ పట్టుకుని రెండేళ్లుగా వాడుతున్న ఒక పెద్దావిడ "ఆకలి బాగా వేస్తోంది బాబూ, ఒళ్లు కూడా చేశాను" అని సంతోషంగా చెప్పింది. ఆ గుండ్రటి మొహం స్టెరాయిడ్ వాపు. అలాగని ఉన్నపళంగా మానేయమని కూడా చెప్పలేం, బయటినుంచి అన్నాళ్లు అందేసరికి శరీరం తనకి కావాల్సిన స్టెరాయిడ్‌ని సొంతంగా తయారుచేసుకోవడం తగ్గించేస్తుంది, ఒక్కసారిగా ఆపితే బీపీ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. డాక్టరు దగ్గరుండి మెల్లగా తగ్గించాల్సిందే.

అల్ప్రజోలామ్ లాంటి నిద్రమాత్రలు కూడా అంతే, రోజూ వాడి హఠాత్తుగా ఆపితే ఫిట్స్ రావచ్చు. వాటిమీద మద్యం గానీ కోడీన్ ఉన్న దగ్గు సిరప్ గానీ పడితే నిద్రలోనే ఊపిరి మందగిస్తుంది.

మిగిలిపోయిన యాంటీబయాటిక్ జలుబుకి వేసుకోవడం గురించి ఎక్కువ రాయను, వైరస్ మీద అది పనిచేయదు, అంతే.

అపోహ: మింగలేకపోతే నలిపి నీళ్లలో కలిపెయ్యొచ్చు

పేరు చివర ఎస్సార్ (SR), ఈఆర్ (ER), ఎక్సార్ (XR) అని ఉంటే అస్సలు వద్దు. రోజంతా కొద్దికొద్దిగా దిగాల్సిన మందు ఒక్కసారే ఒంట్లో పడుతుంది.

చివరగా ఒక చిన్న రిక్వెస్ట్. స్ట్రిప్పు కత్తిరించేటప్పుడు పేరు, ఎక్స్‌పైరీ ఉన్న వైపు చివరిదాకా ఉంచండి. కాగితంలో చుట్టిన రెండు తెల్ల మాత్రలు తెచ్చి "ఇవి దేనికో చూసి చెప్పండి" అంటారు, గుండ్రంగా తెల్లగా ఉండేవి నా వెనకాల అరల్లోనే వందరకాలున్నాయి.