నీటిగుర్రం నోరు తెరిస్తే నిద్రొచ్చిందని కాదు: జూ జంతువులపై అపోహలు, వాస్తవాలు

జూలో జంతువుల సంరక్షణ చూసుకునే ఉద్యోగం నాది. ఎన్‌క్లోజర్ దగ్గర కాసేపు నిలబడితే చాలు, పిల్లలకి పెద్దవాళ్లు చెప్పే కబుర్లు చెవిన పడతాయి. జింకలు, నెమళ్ల గురించి పెద్దగా తప్పు చెప్పరు. వేరే ఖండాల నుంచి వచ్చిన జంతువుల విషయంలో మాత్రం ఎవరి నోటికి ఏది వస్తే అదే వాస్తవం.

అపోహ: నీటిగుర్రానికి రక్తం చెమటలా కారుతుంది

"సార్, దానికి దెబ్బ తగిలి రక్తం కారుతోంది, ఎవరూ పట్టించుకోవట్లేదు" అని ఎండాకాలంలో ఎవరో ఒకరు కోప్పడతారు. అది రక్తం కాదు, చెమటా కాదు. చర్మంలోని గ్రంథుల నుంచి ఊరే జిగట ద్రవం. బయటికి వచ్చినప్పుడు రంగు ఉండదు. కొన్ని నిమిషాల్లో ఎర్రబడి, ఆ తర్వాత గోధుమ రంగుకి తిరుగుతుంది. ముఖం మీద, చెవుల వెనక చూస్తే చుక్కలు చుక్కలుగా కనిపిస్తుంది. ఇందులో ఒక ఎర్ర వర్ణకం, ఒక నారింజ వర్ణకం ఉన్నాయని జపాన్ శాస్త్రవేత్తలు 2004లో తేల్చారు. రెండూ ఎండలోని అతినీలలోహిత కిరణాలను అడ్డుకుంటాయి. ఎర్రది బ్యాక్టీరియాను కూడా పెరగనివ్వదు. పేడ కలిసిన బురదనీటిలో రోజంతా నానే జంతువుకి ఇంతకంటే ఏం కావాలి?

నీళ్లలో ఉంటుంది కాబట్టి చేపలు తింటుందని, బాగా ఈదుతుందని కూడా అనుకుంటారు. రెండూ కాదు. పెద్ద నీటిగుర్రం నీటి అడుగున నేలని కాళ్లతో తన్నుకుంటూ నడుస్తుంది, ఐదారు నిమిషాలకోసారి ఊపిరికి పైకి వస్తుంది. నిద్రలో ఉన్నా మెలకువ రాకుండానే పైకి తేలి, గాలి పీల్చుకుని, మళ్లీ మునుగుతుంది. ఆఫ్రికాలో ఇది చీకటి పడ్డాక గట్టెక్కి రాత్రి సుమారు 40 కిలోల గడ్డి మేస్తుంది. పగలు దానికి విశ్రాంతి. మిట్టమధ్యాహ్నం వచ్చి "కదలట్లేదేంటి, బతికే ఉందా?" అని రాయి విసిరేవాళ్లకి ఏం చెప్పాలో నాకు ఇప్పటికీ తెలియదు.

ఇక ఆ నోరు. బార్లా తెరిచి చూపిస్తే "పాపం, ఆవలిస్తోంది" అంటారు. చాలాసార్లు అది 'దగ్గరికి రావద్దు' అనే బెదిరింపు. ఆ కోరలు అర మీటరు దాకా పెరుగుతాయి. గోడ మీంచి వంగి సెల్ఫీ తీసుకోవడానికి అది మంచి సమయం కాదు. తోక వైపు కూడా సురక్షితం కాదు లెండి. పేడ వేసేటప్పుడు తోకని ఫ్యాన్‌లా తిప్పి చుట్టూ చల్లుతుంది, తెల్ల చొక్కాలతో వచ్చినవాళ్లను మేం ముందే వెనక్కి జరగమంటాం.

అపోహ: చింపాంజీ పళ్లు బయటపెట్టి నవ్వుతోంది

మేం ఎక్కువ బాధపడేది దీనికే. పైపళ్లు, కిందిపళ్లు రెండు వరుసలూ కనిపించేలా పెదాలు వెనక్కి లాగితే అది సాధారణంగా భయం, టెన్షన్. ఆడుకునేటప్పుడు ముఖం వేరేగా ఉంటుంది: నోరు వదులుగా తెరుచుకుంటుంది, పైపళ్లు చాలావరకు పెదవి చాటునే ఉంటాయి, వగర్చినట్టు చిన్న శబ్దం వస్తుంది. జనం కేకలు వేస్తారు, అది భయంతో ఇకిలిస్తుంది, నవ్వుతోందనుకుని ఇంకా గట్టిగా అరుస్తారు.

అది పండ్లు తినే సాధుజంతువని కూడా అనుకోవద్దు. టాంజానియాలోని గోంబేలో అడవి చింపాంజీలు మాంసం తినడాన్ని చింపాంజీలపై పరిశోధన చేసిన జేన్ గుడాల్ 1960లోనే చూశారు. కోతులను గుంపుగా వేటాడి పంచుకుంటాయి. మన జలుబు, దగ్గు వాటికి ఇట్టే అంటుకుంటాయి, కాబట్టి సగం కొరికిన అరటిపండు విసరడం ప్రేమ అనిపించుకోదు. జూలో జంతువులకు తిండి పెట్టడం, వాటిని ఏడిపించడం, గోల చేసి బెదరగొట్టడం వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని 38జె సెక్షన్ కింద నేరం.

అపోహ: జిరాఫీకి గొంతు లేదు, జీవితంలో పడుకోదు

మామూలుగా మూగదానిలాగే ఉంటుంది, నిజమే. అయితే యూరప్‌లోని మూడు జూలలో 900 గంటలకు పైగా రికార్డు చేసి వింటే, రాత్రుళ్లు సన్నగా గుంయ్‌మనే శబ్దం చేస్తున్నట్టు 2015లో బయటపడింది. నిలబడి కునుకు తీస్తుంది కానీ, గాఢనిద్రకి కాళ్లు ముడుచుకుని కూర్చుని, మెడ వెనక్కి తిప్పి తలని తన వీపు చివర వాల్చుకుంటుంది. అదీ కొన్ని నిమిషాలే. జనం వెళ్లిపోయాక పడుకుంటుంది కాబట్టి మీకు కనబడదు.

అపోహ: నిప్పుకోడి భయపడితే ఇసుకలో తల దూరుస్తుంది

అలా చేస్తే ఊపిరాడక చస్తుంది. గూడు అంటే నేలలో గుంట, అందులో గుడ్లు ముక్కుతో తిప్పుతుంటే దూరం నుంచి అలా కనిపిస్తుంది. తిండి అరగడానికి గులకరాళ్లు మింగే అలవాటు దానిది. మెరిసేది ఏది కనబడ్డా పొడుస్తుంది. నాణేలు, సీసా మూతలు విసిరితే అవి కడుపులోకే పోతాయి.

అపోహ: అనకొండ ఊపిరితో మనిషిని లాగేసుకుంటుంది

మన ఊళ్లలో కొండచిలువ మీద ఉన్న కథే దక్షిణ అమెరికా పాముకి అంటించారు. ఏ పాముకీ అంత ఊపిరి లేదు. అది నీళ్లలో కదలకుండా పొంచి ఉండి, దగ్గరికి వచ్చినదాన్ని పళ్లతో పట్టి చుట్టుకుంటుంది. విషం లేదు. పెద్ద ఆహారం తిన్నాక వారాల తరబడి ఏమీ తినకుండా ఉండగలదు, మేం ఆకలితో మాడుస్తున్నామని అనుకోవద్దు. వారానికి ఒకరోజు సింహాలకి, పులులకి మాంసం పెట్టకపోవడం కూడా చాలా జూలలో పద్ధతే. అడవిలో వాటికి రోజూ వేట దొరకదు.

అపోహ: సింహం అటూ ఇటూ తిరుగుతోందంటే హుషారుగా ఉంది

ఇది మా వైపు లోపం, దాచను. అదే దారి, అదే మలుపు, గంటల తరబడి తిరుగుతుంటే అది హుషారు కాదు, విసుగుకో ఒత్తిడికో గుర్తు. మాంసం వేసే వేళకి ముందు కాసేపు తిరిగితే ఎదురుచూపు అనుకోవచ్చు. మిగతా వేళల్లోనూ ఆగకపోతే స్థలం మార్చడం, మాంసం దాచి వెతికించడం, కొత్త వాసనలు పెట్టడం లాంటివి చేయాలి. నీడలో కాళ్లు చాపి పడుకున్న సింహమే ఆరోగ్యంగా ఉన్నట్టు, అడవిలో కూడా రోజుకి 20 గంటల వరకు అలాగే ఉంటుంది. మత్తుమందు ఇచ్చామనే మాట అబద్ధం.

అపోహ: విదేశీ జంతువైతే ఇంట్లో పెంచుకోవచ్చు, చట్టం అడగదు

మకావ్ చిలుకలు, ఇగ్వానా బల్లులు, బాల్ పైథాన్ పాములు కొన్నవాళ్లు ఈమధ్య మమ్మల్నే సలహా అడుగుతున్నారు. వన్యప్రాణి చట్టానికి 2022లో వచ్చిన సవరణతో వన్యజీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే సైటిస్ ఒప్పందంలోని జాతులు నాలుగో షెడ్యూల్‌లోకి వచ్చాయి, 2024లో నిబంధనలూ వచ్చాయి. మీ దగ్గర ఉన్నది ఆ జాబితాలోదైతే కేంద్ర పర్యావరణ శాఖ వెబ్‌సైట్ అయిన పరివేష్ పోర్టల్‌లో నమోదు చేయాలి. దానికి పిల్లలు పుట్టినా, అది చనిపోయినా, దాన్ని వేరేవాళ్లకి ఇచ్చినా తెలియజేయాలి. పెంచలేక చెరువులో వదిలేయడం మాత్రం చేయకండి. కొనేముందే అమ్మేవాడిని కాగితాలు చూపించమనండి, నీళ్లు నమిలితే బేరం అక్కడే ఆపేయండి.